విదేశాల్లో మెడిసిన్‌కి ఎంట్రన్స్ ఉండదంట కదా, అని అడిగేవాళ్లకి

నీట్ రిజల్ట్ వచ్చిన మర్నాటి నుంచి నా ఫోన్ ఆగదు. ఇంటర్ బైపీసీ పిల్లలకి జువాలజీ చెబుతాను కాబట్టి మా దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులు చేస్తారు, వాళ్ల చుట్టాలు చేస్తారు, ఆ చుట్టాల పక్కింటివాళ్లు కూడా నంబర్ తీసుకుని చేస్తారు. కాసేపు అటూ ఇటూ మాట్లాడాక అందరూ ఒకటే అడుగుతారు. "సార్, మావాడికి ఇక్కడ సీటు వచ్చేలా లేదు. బయటి దేశాల్లో అయితే ఎంట్రన్స్ ఏమీ ఉండదంట, పంపించమంటారా?"

ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదిది, అందుకే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డాక్టర్ కావాలంటే గట్టి పరీక్ష ఏదో ఒకచోట రాయక తప్పదు. మన దేశంలో అది మొదట్లోనే వస్తుంది. అమెరికాలో డిగ్రీ అయ్యాక వస్తుంది. మన పిల్లలు గుంపులు గుంపులుగా వెళ్లే జార్జియా, కిర్గిజ్‌స్థాన్, రష్యా లాంటి చోట్ల చదివితే అది చివర్లో వస్తుంది. చివర్లో వచ్చేదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అప్పటికి ఆరేళ్లు గడిచిపోయి ఉంటాయి, పొలమో ఇంటి స్థలమో అమ్మి ఉంటారు.

ముందు మన నీట్ సంగతి. 180 ప్రశ్నలు, 720 మార్కులు, 3 గంటలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పయితే 4, తప్పయితే మైనస్ 1. అంటే ప్రశ్నకి సరిగ్గా ఒక నిమిషం, ఓఎంఆర్ షీట్‌లో బబుల్ నింపడం కూడా అందులోనే. బయాలజీ నా సబ్జెక్టే అయినా నిజం ఒప్పుకుంటాను, ర్యాంకుని తేల్చేది ఫిజిక్స్. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని లైన్ లైన్‌గా చదివిన పిల్లలు బయాలజీలో 320, 330 తెచ్చుకుంటారు, కష్టపడేవాళ్లలో ఆ తేడా పెద్దగా ఉండదు. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లవాడు ఫిజిక్స్‌లో 40 దగ్గర ఆగిపోతే, వాడి పక్కన కూర్చున్నవాడు 110 తెచ్చుకుంటే, ఆ 70 మార్కుల మధ్య ఎన్ని వేల ర్యాంకులుంటాయో కౌన్సెలింగ్ చూసినవాళ్లకి తెలుసు.

మన దగ్గర ఇదివరకు ఎంసెట్ ఉండేది. 160 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ. 2017లో మన రాష్ట్రాల సీట్లకి నీట్ వచ్చాక ఆ వెయిటేజీ పోయింది, మెడిసిన్ పిల్లలకి ఇంటర్ పరీక్షలు గట్టెక్కితే చాలన్నట్టు అయిపోయాయి. రెండేళ్ల చదువు మొత్తం ఒక ఆదివారం మధ్యాహ్నం మీద పెట్టేశాం. ఇది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ రోజు జ్వరమొస్తే ఒక ఏడాది పోతుంది.

ఇంకో గొడవ ఉంది, తల్లిదండ్రుల్లో చాలామంది దీన్ని పట్టించుకోరు. నీట్ మార్కుకి దానంతట దానికి విలువ లేదు, ఆ ఏడాది పేపర్ ఎలా వచ్చిందో దాన్నిబట్టే. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. గ్రేస్ మార్కుల గొడవ, పట్నా, హజారీబాగ్‌లలో పేపర్ లీకు, సుప్రీంకోర్టు విచారణ అన్నీ అయ్యాక ఆ సంఖ్య 17కి తగ్గింది. ఆ ఏడాది 650 దాటినవాళ్లు వేలల్లో ఉన్నారు, ఆ మార్కులతో కూడా పిల్లలు సీటు వస్తుందో రాదో అని ఏడ్చారు. మరుసటి ఏడాది, 2025లో, ఫిజిక్స్ చుక్కలు చూపించింది, దేశంలో మొదటి ర్యాంకుకే 686. 650 దాటినవాళ్లు వందమంది కూడా లేరు. అదే సిలబస్, అదే 720. అందుకే "మా అన్నయ్య కూతురికి 560 వస్తే సీటు రాలేదు, మరి మావాడికి 520కి ఎలా వస్తుంది" అనే పోలికలు పెట్టుకోకండి, ర్యాంకు అడగండి.

ఇక్కడే అమెరికా పరీక్షతో ఉన్న మొదటి తేడా. వాళ్ల ఎంక్యాట్‌లో స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది, మధ్యలో 500. జనవరి నుంచి సెప్టెంబరు వరకు చాలా తేదీలుంటాయి, ఒక్కో తేదీకి ఒక్కో పేపర్. పేపర్ కష్టంగా వచ్చిందా తేలిగ్గా వచ్చిందా అన్నది లెక్కలో సరిచేసి స్కోరు ఇస్తారు, కాబట్టి మార్చిలో వచ్చిన 512కీ ఆగస్టులో వచ్చిన 512కీ అర్థం ఒకటే. ఒకరోజు ఒళ్లు బాగాలేకపోతే ఇంకో తేదీ పెట్టుకోవచ్చు. అలాగని ఎన్నిసార్లైనా రాయనివ్వరు. ఏడాదిలో మూడు, వరుసగా రెండేళ్లలో నాలుగు, జీవితం మొత్తం మీద ఏడు, అంతే. నీట్‌కి ఇలాంటి హద్దు లేదు, పై వయసు హద్దూ లేదు. దానివల్లే మన లాంగ్ టర్మ్ హాస్టళ్లు, అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ నీట్ కోసం ఏడాదంతా చదివించే హాస్టళ్లు, నిండుతున్నాయి. ఇరవై రెండేళ్ల పిల్ల ఇంకా పదకొండో తరగతి బాటనీ చాప్టర్ తిరగేస్తూ, సాటివాళ్లు ఉద్యోగాలకి వెళుతుంటే పండక్కి ఇంటికి వెళ్లడం మానేసి కూర్చోవడం చూస్తే బాధగా ఉంటుంది. ఒక లాంగ్ టర్మ్ అర్థం చేసుకోగలను, చాలామందికి మార్కులు నిజంగా పెరుగుతాయి. మూడోది, నాలుగోది మాత్రం ఆ పిల్లకి ఇష్టమై చేస్తోందో, ఇంట్లోవాళ్ల కోసం చేస్తోందో కూర్చోబెట్టి అడగండి.

మా అక్క కూతురు డాలస్‌లో ఎంక్యాట్‌కి చదువుతుంటే తన పుస్తకాలు ఆసక్తిగా చూశాను. నాలుగు సెక్షన్లు, 230 ప్రశ్నలు, విరామాలతో కలిపి ఏడున్నర గంటలు. తప్పు రాస్తే మార్కు పోదు, కాబట్టి ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలకూడదు. కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక సెక్షన్, బయాలజీ, బయోకెమిస్ట్రీ ఒకటి, సైకాలజీ, సోషియాలజీ ఇంకొకటి. నాలుగోది మన పిల్లలకి పూర్తిగా కొత్త. అందులో సైన్సే ఉండదు. తత్వశాస్త్రం, చరిత్ర, కళల మీద పెద్ద పెద్ద పేరాలు ఇస్తారు, రాసినవాడు ఏమంటున్నాడు, ఎక్కడ వాదన బలహీనంగా ఉంది అని అడుగుతారు. సైన్స్ ప్రశ్నల్లో కూడా ఎక్కువ భాగం ఏదో ఒక ప్రయోగం వివరించి, గ్రాఫ్ ఇచ్చి, దాన్నుంచి అడిగేవే. మన పిల్లల్లో క్రెబ్స్ సైకిల్ కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే సైకిల్‌లో ఒక ఎంజైమ్‌ని ఆపితే గ్రాఫ్ ఎటు వంగుతుంది అంటే ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు, మేం వాళ్లకి ఆ అలవాటు చేయలేదు, ఎందుకంటే నీట్‌లో నిమిషానికి ఒక ప్రశ్న పెట్టి అంత ఆలోచించనివ్వరు.

అయితే "ఎంక్యాట్ అంటే అమెరికా నీట్" అనుకోవడం సరికాదు. అది నాలుగేళ్ల డిగ్రీ చదువుతూనో, అయ్యాకో రాసే పరీక్ష, పైగా దానితోనే సీటు రాదు. డిగ్రీ జీపీఏ (మార్కుల సగటు), డాక్టర్ల వెంట తిరిగిన గంటలు, వాలంటీర్ పని, ఎందుకు డాక్టర్ కావాలనుకుంటున్నావో రాసే వ్యాసం, సిఫార్సు ఉత్తరాలు, చివర్లో ఇంటర్వ్యూ. సీటు వచ్చినవాళ్ల సగటు స్కోరు 511, 512 దగ్గర ఉంటుంది, కానీ 518 వచ్చి కూడా ఇంటర్వ్యూ పిలుపు రానివాళ్లుంటారు. ఇక్కడినుంచి ఇంటర్ అవగానే నేరుగా అక్కడ మెడిసిన్‌లో చేరడం అన్న దారి దాదాపు లేనట్టే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. అక్కడే పెరిగి, అక్కడే స్కూలు చదివి, ఇంకా గ్రీన్ కార్డ్ రాని హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లల్ని చాలా మెడికల్ కాలేజీలు విదేశీ విద్యార్థుల కిందే లెక్కేస్తాయి. విదేశీ విద్యార్థుల్ని అసలు తీసుకోని కాలేజీలే ఎక్కువ. తీసుకునే వాటిలో కొన్ని నాలుగేళ్ల ఖర్చు ముందే చూపించమంటాయి. పిల్లలకి 21 నిండితే హెచ్-4 పోయి ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదకి మారాల్సి వస్తుంది. టెక్సాస్‌లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో నూటికి తొంభై సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే కాబట్టి అక్కడి మనవాళ్లు ధీమాగా ఉంటారు, కానీ మన వీసాతో ఆ రాష్ట్రం పిల్లల కింద లెక్కిస్తారో లేదో పిల్ల పన్నెండో తరగతిలో ఉండగానే కనుక్కోవడం మంచిది. డిగ్రీ మూడో ఏట తెలిస్తే చేయగలిగింది తక్కువ.

బ్రిటన్ పద్ధతి మనకి కాస్త దగ్గర, ఇంటర్ వయసులోనే నేరుగా మెడిసిన్. అక్కడి పరీక్ష యూక్యాట్. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటివి ఇదివరకు బీమ్యాట్ పెట్టేవి, 2023తో అది ఆగిపోయింది, ఇప్పుడు అవీ యూక్యాట్ వైపే వచ్చాయి. దీనిలో బయాలజీ లేదు, కెమిస్ట్రీ లేదు. చదివింది ఎంత త్వరగా అర్థమవుతుంది, తర్కం, లెక్కలు, ఆఖర్న ఒక సందర్భం ఇచ్చి నువ్వైతే ఏం చేస్తావు అనే ప్రశ్నలు. మొత్తం సుమారు రెండు గంటలు. చదివి అర్థం చేసుకునే భాగంలో 22 నిమిషాలకి 44 ప్రశ్నలు, అంటే అరనిమిషానికి ఒకటి. నీట్‌లో నిమిషమే తక్కువనుకునే పిల్లవాడు ఇది చూసి కంగారు పడతాడు. 2025 నుంచి ఆకారాల మధ్య పోలిక పట్టే భాగం తీసేశారు. ఏడాదికి ఒక్కసారే రాయాలి, జూలై నుంచి సెప్టెంబరు మధ్య, అక్టోబరు 15కల్లా నాలుగు యూనివర్సిటీలకి మించకుండా అప్లికేషన్ పెట్టాలి. తర్వాత ఇంటర్వ్యూ. ఒక గదిలో నటుడిని పేషెంట్‌గా కూర్చోబెడతారు, చెడ్డ వార్త చెప్పమంటారు, ఇంకో గదిలో ఒక నైతిక సమస్య ఇస్తారు, ఇలా గది తర్వాత గది.

ఈ ఇంటర్వ్యూ గురించి విన్నప్పుడల్లా ఇది మన దగ్గరా ఉంటే బాగుండు అనిపిస్తుంది, వెంటనే వద్దులే అనిపిస్తుంది. నీట్ మన పిల్లల నోటి వెంట ఒక్క మాట కూడా వినదు. మనిషిని చూస్తే మొహం తిప్పుకునే పిల్లవాడికీ, ముసలివాళ్లు కనిపిస్తే ఆగి పలకరించే పిల్లకీ ఓఎంఆర్ షీట్ ఒకటే. అది లోపమే. కానీ మన దగ్గర ఇంటర్వ్యూ పెడితే ఏమవుతుంది? క్యాపిటేషన్ ఫీజుని (సీటు కోసం కాలేజీలు అదనంగా గుంజే డబ్బుని) నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో దీని మీదే పెద్ద తీర్పు ఇచ్చింది, ఆ కేసులో ప్రతివాది మన రాష్ట్రమే. సీట్లు ఎలా అమ్ముడయ్యేవో అప్పటి తరానికి గుర్తుంది. కూలి పనికి వెళ్లే తల్లి కూతురు ఎవరి సిఫార్సూ లేకుండా, ఎవరింటి ముందూ నిలబడకుండా ప్రభుత్వ కాలేజీలో చేరుతోందంటే ఆ ఓఎంఆర్ షీట్ వల్లే. దాన్ని నేను తక్కువ చెయ్యను. అందుకే 2024 లాంటిది జరిగినప్పుడు అంత కోపం వస్తుంది. తెలంగాణలో 2016లో ఎంసెట్-2 పేపర్ లీకై, పరీక్ష రద్దయి, అదే పిల్లలు సెప్టెంబరులో మళ్లీ ఎంసెట్-3 రాయాల్సి వచ్చింది. ముఖం చూడని పరీక్షకి ఉన్న ఒకే ఒక్క బలం నమ్మకం, దాన్నే మనం మళ్లీ మళ్లీ పోగొట్టుకుంటున్నాం.

ఇటలీ గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ మీడియంలో మెడిసిన్ ఉంది, ఫీజు కుటుంబ ఆదాయాన్నిబట్టి ఉంటుంది. దానికి ఐమ్యాట్ రాయాలి. 60 ప్రశ్నలు, 100 నిమిషాలు, ఒప్పుకి 1.5, తప్పుకి మైనస్ 0.4. అయిదు ఆప్షన్లు కాబట్టి గుడ్డిగా గుర్తు పెడితే సగటున ఏమీ మిగలదు, అలా లెక్కచూసి పెట్టారు. నీట్‌లో నాలుగు ఆప్షన్లు, నాలుగు మార్కులు, మైనస్ ఒకటి కాబట్టి గుడ్డిగా పెట్టినా సగటున కొద్దిగా లాభమే, రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఇంకా లాభం. (మా పిల్లలకి ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తాను, భయంతో ప్రశ్నలు వదిలేసే అలవాటు తగ్గుతుంది.) ఐమ్యాట్‌లో ఫిజిక్స్‌తో పాటు మ్యాథ్స్ కూడా ఉంటుంది, కాబట్టి పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టని బైపీసీ పిల్లలు దానికి వేరేగా చదవాలి. యూరప్ బయటి పిల్లలకి సీట్లు ఒక్కో యూనివర్సిటీలో కొద్దిగానే ఉంటాయి. తేలిక దారి అని ఎవరన్నా చెబితే నమ్మకండి, కానీ నిజాయితీ గల దారే.

ఇక అసలు విషయానికి వస్తాను, ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగేది దీని గురించే.

2018 నుంచి విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి మన దేశంలో ప్రాక్టీస్ చెయ్యాలంటే నీట్ క్వాలిఫై కావాల్సిందే. బ్రిటన్ అయినా కిర్గిజ్‌స్థాన్‌లోని బిష్కెక్ అయినా ఇదే రూల్. కాబట్టి "నీట్ అక్కర్లేదు" అని చెప్పే కన్సల్టెన్సీ మొదటి వాక్యంలోనే అబద్ధం చెబుతున్నట్టు. కాస్త తెలివైనవాళ్లు ఇంకోలా చెబుతారు, "నీట్ క్వాలిఫై అయితే చాలు" అని. అది నిజమే, ఆ నిజంలోనే ఉంది ప్రమాదం. 2025లో 22 లక్షల మంది రాశారు, 12 లక్షల పైచిలుకు క్వాలిఫై అయ్యారు. దేశం మొత్తంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల చుట్టూ. ఆ ఏడాది జనరల్ కేటగిరీకి క్వాలిఫైయింగ్ మార్కు 144, రిజర్వుడు కేటగిరీలకి 113. 720కి 144 అంటే నూటికి ఇరవై. ఆ మార్కుతో విమానం ఎక్కొచ్చు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో వేరే ఎంట్రన్స్ ఉండదు, ఉన్నా పేరుకే.

ఆరేళ్ల తర్వాత తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ రాయాలి, విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినవాళ్లు ఇక్కడ ప్రాక్టీస్ చెయ్యడానికి పాస్ కావాల్సిన పరీక్ష అది. 300 ప్రశ్నలు, ఒకే రోజు రెండు భాగాలు, అనాటమీ నుంచి సర్జరీ దాకా ఎంబీబీఎస్ సబ్జెక్టులన్నీ. పాస్ కావాలంటే 150, అంటే నూటికి యాభై. లోపలికి వెళ్లేటప్పుడు ఇరవై అడిగి, బయటికి వచ్చేటప్పుడు యాభై అడుగుతున్నారు. ఏడాదికి రెండుసార్లు పెడతారు, 2025 జూన్‌లో రాసినవాళ్లలో నూటికి పందొమ్మిది మంది కూడా పాస్ కాలేదు. కొన్నిసార్లు పాస్ శాతం ముప్పై దగ్గరికి వెళుతుంది, ఎక్కువసార్లు ఇరవై చుట్టూనే తిరుగుతుంది. తప్పుకి మైనస్ కూడా లేని పరీక్ష ఇది. దీని స్థానంలో నెక్స్ట్ అనే పరీక్ష తెస్తామని 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోనే రాసుకున్నారు, అది వాయిదా పడుతూ వచ్చింది.

పిల్లలు చదవరని కాదు. చాలాచోట్ల క్లాసు ఇంగ్లిష్‌లో చెబుతారు, వార్డులో పేషెంట్ రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో మాట్లాడతాడు. రోగం పుస్తకంలోనే చూసి, మనిషిని సరిగ్గా పరీక్షించకుండానే కోర్సు అయిపోతుంది. పైగా 2021 నవంబరు నుంచి మన దేశం రూల్స్ గట్టిపడ్డాయి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్ మీడియం కావాలి, అదే యూనివర్సిటీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, ఆ దేశంలో డాక్టర్‌గా రిజిస్టర్ అయ్యే అర్హత ఉండాలి, ఆపైన ఇక్కడ మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్ అనే డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిదే). ఈ 54 నెలల లెక్కలో బీఎస్ కలవదనేసరికి అక్కడున్న మన తెలుగు పిల్లలు ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. 2022లో యుక్రెయిన్ నుంచి వేలమంది వెనక్కి వచ్చినప్పుడు మిగిలిన చదువు ఎక్కడ పూర్తి చెయ్యాలో ఎవరూ చెప్పలేకపోయారు. ఇవేవీ బ్రోచర్‌లో ఉండవు.

విదేశాలకి ఎవరూ వెళ్లొద్దని నేననను. మా దగ్గర చదివి, బయట ఎంబీబీఎస్ చేసి, ఎఫ్ఎంజీఈ మొదటిసారే పాసై, ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో మంచి పేరు తెచ్చుకున్న పిల్లలున్నారు. వాళ్లలో నేను చూసింది ఏంటంటే, నీట్‌లో 400 దాటి, ఇక్కడ కన్వీనర్ కోటా (తక్కువ ఫీజు సీటు) తృటిలో తప్పి, ఏడాదికి పది లక్షలు దాటే బీ కేటగిరీ (ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు కట్టలేక వెళ్లినవాళ్లే ఎక్కువ. మొదటి ఏడాది నుంచే మన పుస్తకాలు పక్కన పెట్టుకుని చదివారు, ఆ దేశం భాష కష్టపడి నేర్చుకున్నారు, సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు కూడా ప్రశ్నలు సాధన చేశారు. 150 దగ్గర ఆగిన పిల్లవాడు అక్కడికి వెళ్లగానే మారిపోతాడని అనుకోవడం ఆ పిల్లవాడి మీద భారం వెయ్యడమే. వాడికి ఫిజియోథెరపీ, బీఎస్సీ నర్సింగ్, ఫార్మ్-డీ, వెటర్నరీ, అగ్రికల్చర్ లాంటివి ఉన్నాయని ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పి ఉండరు.

కాబట్టి అడ్వాన్స్ కట్టేముందు కన్సల్టెన్సీ వాళ్లని ఇవి అడగండి. ఆ యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లలో ఎంతమంది ఎఫ్ఎంజీఈ రాశారు, ఎంతమంది పాసయ్యారు? యూనివర్సిటీలవారీగా ఆ లెక్కలు బయటికి వస్తుంటాయి, వాళ్లు చెప్పకపోతే మీరే వెతకొచ్చు. ఇంటర్న్‌షిప్ అదే ఆసుపత్రిలోనా, కోర్సు నెలల్లో ఎంత? మనవాడు ఆ దేశంలోనే లైసెన్స్ తీసుకోగలడా? క్లినికల్ క్లాసులు ఏ భాషలో? జవాబులన్నీ కాగితం మీద, యూనివర్సిటీ ముద్రతో అడగండి. ఇప్పుడు అక్కడ నాలుగో ఏడాది చదువుతున్న ఇద్దరు ముగ్గురు పిల్లలతో, ఏజెంట్ ఇచ్చిన నంబర్లు కాకుండా మీ ఊరివాళ్ల ద్వారా దొరికిన నంబర్లతో మాట్లాడండి. పిల్లవాడి చేత పాత ఎఫ్ఎంజీఈ ప్రశ్నలు ఒక యాభై చదివించండి. రాయగలడా లేదా అని చూడటానికి కాదు, ఆరేళ్ల తర్వాత వాడు కూర్చోబోయే పరీక్ష ఎలా ఉంటుందో వాడు ముందే చూడాలి. సంతకం పెట్టేది మీరైనా, రాయాల్సింది వాడు.